ఆరాంలో ఉన్న డిస్కు

కరెంటు పోయి యూపీఎస్ కూత పెట్టిందంటే చాలు, నేను ఎక్కడ కూర్చున్నా లేచి నిలబడతాను. మొన్న గబ్బూరులో మా మరదలి పెళ్లిమాటలకు వెళ్లాం. మాటలు కుదిరేటట్టున్న సమయానికి కరెంటు పోయింది. పక్కగదిలో ఎవరిదో కంప్యూటరుకు పెట్టిన యూపీఎస్ కీచుమంది. నేను లేచి నిల్చున్నాను. అలిగి వెళ్లిపోతున్నాననుకుని మగపెళ్లివారి పెద్దాయన కంగారుగా తనూ లేచాడు. ఆయన్ని చూసి ఇంకో ఇద్దరు లేచారు. మా ఆవిడ నా చొక్కా కొస పట్టి కిందికి గుంజి, "కూసోండ్రి, ఇదేం శక్తినగరత్త ఇల్లు గాదు" అంది. ఆ తర్వాత వాళ్లు ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు. నవ్వు ఆపుకోవడానికే నాకు సరిపోయింది.

శక్తినగరత్త మా నాన్నకు చెల్లెలు. రాయచూరు పాతపేటలో పుట్టి పెరిగిన మనిషి. శక్తినగర్ థర్మల్ ప్లాంటులో ఆపరేటరుగా చేసే మామకు ఇచ్చి పెళ్లి చేశారు. ఉద్యోగం ఉన్నన్నాళ్లు కాలనీ క్వార్టర్సులో ఉన్నారు, రిటైరయ్యాక పక్కనే దేవసూగూరులో చిన్న ఇల్లు తీసుకున్నారు. ఇప్పుడు అత్త లేదు. అయినా ఆమెను తలుచుకుంటే నాకు ఏడుపు రాదు, హుషారు వస్తుంది. ఆమె ఎదుట కూర్చున్నవాళ్లెవరికైనా అంతే, ఏదో పెద్ద పని జరగబోతున్నట్టు ఉండేది.

అత్త ఇంట్లో ఒక సర్వరు ఉండేది. ఎప్పుడూ నడుస్తూ ఉండే ఒక డబ్బా, దాంట్లో ఫొటోలు, వీడియోలు. ఇంట్లో ఏ ఫోనులోనైనా, టీవీలోనైనా వాటిని తెరిచి చూడొచ్చు. కరెంటు పోయి దాని యూపీఎస్ మోగిందా, ఇంట్లో ఉన్న అందరూ లేవాలి. వాళ్లలో ఒకరు "చార్జి నాది" అనాలి. అన్నవాళ్లు బ్యాటరీ అయిపోయేలోగా దాన్ని పద్ధతిగా ఆపడానికి సర్వరు దగ్గరికి పోవాలి, మిగతావాళ్లు కూర్చోవచ్చు. చుట్టాలకు కూడా మినహాయింపు లేదు. మా నాన్న భోంచేస్తూ ఎంగిలిచేత్తో నిలబడటం నేను కళ్లారా చూశాను.

ఈ చార్జి సంగతి ప్లాంటుది. అక్కడ షిఫ్టు దిగే మనిషి, ఎక్కే మనిషికి ఏ మిషను నడుస్తోంది, ఏది ఆగింది, ఏది మోత చేస్తోంది అన్నీ నోటితో చెప్పి అప్పగించేదాకా కుర్చీ వదలడు. మామ ఆ మాటలు అన్నం తినేటప్పుడు ఇంట్లో చెప్పేవాడు, చెయ్యి కడుక్కోగానే తను మరిచిపోయేవాడు. అత్త మరిచిపోలేదు. ఆమె ఒక్కసారైనా కంట్రోల్ రూము గడప తొక్కలేదు. కానీ అక్కడి పద్ధతుల మీద ఆమెకున్నంత భక్తి అక్కడ జీతం తీసుకున్నవాళ్లలో ఎవరికీ ఉండి ఉండదు. మేడ మీద బట్టలు ఆరేస్తూ ప్లాంటు పొగగొట్టాల వైపు చూసి, ఒకదాంట్లో పొగ లేకపోతే "ఇయ్యాల ఒక యూనిట్ పండుకున్నట్టుంది" అనేది. ఆ బాధ ఆమె ముఖంలో కనిపించేది.

కూరగాయలకు పోయేటప్పుడు సంచి భుజాన వేసుకుని మామ ముందు నిలబడేది.

"సర్వరు నడుస్తున్నది. ఎనక ఫ్యాను జర మోత చేస్తున్నది, ఫికరు లేదు. స్టవు బందున్నది. చార్జి తీసుకో."

మామ పేపరు వెనక నుంచి "ఊ" అనేవాడు.

"ఊ గాదు. తీసుకున్న అను."

"తీసుకున్న తల్లీ, తీసుకున్న. ఇగ పో."

ఈ సర్వరు పెట్టడానికి కారణం కాలనీ నాటకాలు. వినాయకచవితికి ప్రతి ఏడూ ప్లాంటువాళ్లు ఒక నాటకం ఆడేవారు. సగం తెలుగు, సగం కన్నడం. రాజు కన్నడంలో గద్దిస్తే మంత్రి తెలుగులో జవాబిచ్చేవాడు, జనం రెంటికీ ఈలలు వేసేవారు. వాటిని ఎవరో ఒకరు క్యాసెట్లలో తీసేవారు. ఆ క్యాసెట్లన్నీ అత్త ఇల్లిల్లూ తిరిగి పోగుచేసింది. బూజు పట్టి, కొన్ని అంటుకుపోయి ఉన్నాయి. రాయచూరు స్టేషను దగ్గర నాకు కంప్యూటర్ల షాపు ఉండేది కాబట్టి మూట నా నెత్తిన పడింది. పాత వీసీఆర్ ఒకటి వెతికి, ఒక్కొక్కటే కంప్యూటరులోకి ఎక్కించాను. చాలా టేపులు అలా ఒక్కసారి తిరిగి పుటుక్కున తెగిపోయాయి. ఇక ఆ నాటకాలకు ఆ ఒక్క నకలే దిక్కు.

"పెన్ డ్రైవులో వేసి ఇస్తా" అన్నాను. అత్త ఒప్పుకోలేదు, పెన్ డ్రైవు పప్పుడబ్బాలో పడిపోయినా తెలియదంది. అప్పుడు సర్వరు సంగతి చెప్పాను. పాత కంప్యూటరు ఒకటి చాలు, దాంట్లో రెండు హార్డ్ డిస్కులు పెడతాం, ఒకదాంట్లో రాసిందే అప్పటికప్పుడు రెండోదాంట్లో కూడా పడుతుంది, ఒకటి చెడినా రెండోది ఉంటుంది, ఎవరికి కావాలన్నా దాంట్లోంచి ఇస్తూ ఉంటుంది అన్నాను. అత్త పీట మీద నుంచి లేచింది.

"అంటే మన ఇంట్ల మన సొంత ప్లాంటా?"

"అట్లనే అనుకో."

"మరి ఇన్నొద్దులు ఎందుకు చెప్పలేదు?"

నాటకాలు ఎక్కించిన నా షాపులోని పాత కంప్యూటరే సర్వరై మేడ మీది గదిలో కిటికీకి దూరంగా కూర్చుంది. కేబులు మెట్ల పక్కగా కిందికి దించాం. మొదటిసారి కింద హాల్లో టీవీలో బొమ్మ వచ్చినప్పుడు అత్త నమ్మలేదు. పైకి పరుగెత్తి డబ్బా మీద దీపం మినుకుమినుకుమనడం చూసి, కిందికి పరుగెత్తి బొమ్మ చూసి, మళ్లీ పైకి పోయింది. మామ కాళ్లు ముడుచుకుని ఆమెకు దారిచ్చాడు. ప్లాంటులో కొత్త యూనిట్ లైనుకు ఎక్కి కరెంటు ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు మిఠాయి పంచుతారట. అత్త పేడాల డబ్బా పట్టుకుని వీధిలోకి వెళ్లింది. "ఏన్ విశేష అక్కా?" అని ఎదురింటామె అడిగితే, "మా యూనిట్ ఎక్కింది" అని చెప్పింది. ఆవిడ ఇంట్లో ఎవరికో నెల తప్పిందనుకుని ఆశీర్వదించి పోయింది.

అప్పటినుంచి ఆ డబ్బాకు జరిగిన సేవ అంతా ఇంతా కాదు. ఆ ఊళ్లో బూడిద ఎక్కడైనా వాలుతుంది. అందుకని ఫ్యాను ముందు పాత నైలాను చీర ముక్క కట్టి, వారం వారం ఉతికేది. ఎండాకాలం మధ్యాహ్నాలు మేడ మీదికి పోయి, పిల్లల జ్వరం చూసినట్టు చేతి వెనకభాగం డబ్బాకు ఆనించి చూసేది. అన్నిటికంటే నాకు ఇష్టమైంది ఆమె గరిటె. ప్లాంటులో మిషను లోపలి చప్పుడు వినడానికి ఇనుప కడ్డీ ఒక కొస మిషనుకు, ఒక కొస చెవికి ఆనిస్తారని మామ ఎప్పుడో చెప్పాడు. అత్త పులుసుగరిటె కాడ చెవికి ఆనించి, గిన్నె డబ్బాకు ఆనించి, కళ్లు మూసుకుని వినేది. ఆ సమయంలో ఎవరు మాట్లాడినా చెయ్యెత్తి ఆపేది. విని లేచి "బాగనె తిరుగుతున్నది" అంటే ఇల్లంతా తేలికపడేది, నాతో సహా.

మా ఇద్దరికీ కుదరని సంగతి ఒక్కటే. సర్వరు పెట్టిన కొద్దిరోజులకే అత్త నాకు ఫోను చేసి మూడో డిస్కు తెమ్మంది.

"ఎందుకత్తా? రెండూ మంచిగనె ఉన్నై గద."

"రెండు నడుస్తుంటే ఒకటి ఆరాంల ఉండాలె. పంపులన్ని గట్లనె నడిపిస్తరు. వంతులు మార్చాలె. మార్చకుంటె నడిచేది అరుగుతది, నిలబడ్డది తుప్పుపడతది."

"అత్తా, డిస్కు పంపు గాదు. దానికి ఆరాం అక్కర్లేదు. ఊకె ఊకె గుంజి పెడుతుంటెనె ఖరాబైతది."

"తిరిగేదేదైనా అలుస్తది" అని ఫోను పెట్టేసింది.

మూడో డిస్కు వచ్చింది. ప్రతి ఆదివారం పొద్దున తలస్నానం చేసి, సర్వరు ఆపి, నడిచినవాటిలో ఒకదాన్ని తీసి, ఆరాంలో ఉన్నదాన్ని దాని చోట పెట్టేది. పెట్టగానే సర్వరు ఆ వచ్చిన డిస్కులో ఉన్నదంతా చెరిపేసి, నడుస్తున్న డిస్కులో ఏముందో అదే సాయంత్రం దాకా దానిమీద రాసుకునేది. తీసిన డిస్కును అత్త మెత్తటి తువాల్లో చుట్టి, బీరువాలో పట్టుచీరల మధ్య పడుకోబెట్టేది. ఈ పని చేసేటప్పుడు ఫోను మోగినా ఎత్తేది కాదు.

ఒక ఆదివారం గోరేబాళ వదిన వస్తోందని కబురొచ్చింది. కాలనీలో అత్తకు పక్క క్వార్టరామె. గోదావరి జిల్లాల నుంచి కాలువ కింద వ్యవసాయానికి వచ్చి గోరేబాళలో స్థిరపడ్డ కుటుంబం. భర్త ప్లాంటులో ఫిట్టరు, మామకు ప్రాణస్నేహితుడు. ఆయన పోయాక ఆమె గోరేబాళకు వెళ్లి వరి సాగు చూసుకుంటోంది. ఆయన ఒక నాటకంలో కాసేపు కనిపిస్తాడని అత్త చెప్పింది. ఆయన కదిలే బొమ్మ, ఆయన గొంతు ఆమె దగ్గర వేరే ఎక్కడా లేవు. కోతలు కాగానే వస్తానంది. టీవీకి మంచి స్పీకరు తగిలించమని అత్త నన్ను పిలిపించింది.

పొద్దున్నే రాయచూరు నుంచి బస్సెక్కి దేవసూగూరులో దిగాను. స్టాపు ఎదురుగా టీ హోటల్లో మామ కూర్చుని ఉన్నాడు. టీ చల్లారిపోయి మీగడ కట్టింది.

"అల్లుడా, జరాగు."

"ఏంది మామా, గిక్కడ కూసున్నవ్?"

"ఇంటికి పోలేను." మామ గొంతు తగ్గించాడు. "మీ అత్త నిన్న గుడికి పోయింది. చార్జి నాకిచ్చి పోయింది. నా రాణి వేషం నాటకం ఒకటుంది గద. దాన్ని తీసేద్దామనుకున్న. ఏది నొక్కిన్నొ ఏమో, నాటకాలన్ని పోయినై."

"అన్నీనా?"

"అన్ని. రెండు డిస్కులున్నై గద, ఇంకోదాంట్ల ఉండవా?"

"ఒకదాంట్ల తుడిస్తె రెండోదాంట్ల గూడ తుడుస్తది మామా. దాని పనే అది."

మామ తల పట్టుకున్నాడు. "వదిన పెనిమిటి నా దోస్తు. ఆయన గూడ గదే నాటకంల ఉన్నడని యాదికి రాలేదు. వదిన ఇయ్యాల వస్తున్నది. నేను ఏం మొఖం పెట్టుకోని కూసోవాలె?"

నాకు అప్పుడు తట్టింది. బీరువాలో డిస్కు. అది పోయిన ఆదివారం బయటికి వచ్చింది. పోయిన ఆదివారం దాకా ఉన్నవన్నీ దాంట్లో ఉన్నాయి. కానీ ఈరోజు ఆదివారం. అత్త దాన్ని సర్వరులో పెట్టిందంటే అది కూడా చెరిగిపోతుంది.

"మామా, అత్త డిస్కు మార్చిందా?"

"నాకేమెరుక? తెల్లారంగనె బయటపడ్డ."

ఫోను చేశాను. మోగింది, మోగింది, ఆగిపోయింది. ఇంకేముంది, డిస్కు చేతిలో పట్టుకుని ఉంటుందనుకున్నాను. ఇద్దరం పరుగు తీశాం. మామ ఒక చేత్తో లుంగీ ఎత్తి పట్టుకుని, ఒక చేత్తో చెప్పులు పట్టుకుని నా వెనకే వచ్చాడు. ఎదురింటామె కసవు ఊడ్చడం ఆపి చూస్తూ నిలబడింది. మెట్లు ఎలా ఎక్కానో నాకు గుర్తులేదు.

సర్వరు ముందు స్టూలు మీద అత్త కూర్చుని ఉంది. తల తడి ఆరలేదు. ఒళ్లో తువాల్లో చుట్టిన డిస్కు.

"అత్తా, పెట్టినవా?" నాకు ఆయాసంతో మాట రావడం లేదు.

"ఎట్ల పెట్టాలె? మీ మామ చార్జి ఇయ్యకుండ ఎటో పోయిండు. నిన్నటిసంది చార్జి ఆయనది. ఆయన ఇయ్యనిది నేనెట్ల ముట్టుకుంట? పొద్దుగాలటిసంది గిట్లనె కూసున్న."

నేను అక్కడే నేల మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టాను. నాకు ఆమె కాళ్లు పట్టుకోవాలనిపించింది. ఎన్ని ఆదివారాలు ఈ చాదస్తాన్ని వెక్కిరించానో, ఆ ఒక్క పొద్దున అంత ముద్దొచ్చింది. నాటకాలు పోయాయనీ, ఆమె ఒళ్లో ఉన్నదాంట్లో మాత్రం ఉండాలనీ చెప్పాను. అత్త ముఖం పాలిపోయింది. తల తిప్పి మామ వైపు చూసింది. మామ కిటికీలోంచి పొగగొట్టాలను చూస్తున్నాడు.

ఆమె అడుగుతుందనుకున్నాను. అడగలేదు. "ముందు యూనిట్ ఎక్కియ్యాలె. ఎవరి తప్పో తర్వాత" అంది. అదీ ప్లాంటు పద్ధతే. ఆగిపోయిన యూనిట్ తిరిగి లైనుకు ఎక్కేదాకా అక్కడ ఎవరూ ఎవర్నీ నిలదీయరు.

సర్వరు ఆపి, నడుస్తున్న రెండు డిస్కులూ తీసి పక్కన పెట్టాను. తువాలు విప్పి ఆరాంలో ఉన్నదాన్ని ఒక్కదాన్నే బిగించి, మీట నొక్కాను. అత్త గరిటె చెవికి ఆనించి కళ్లు మూసుకుంది. మామ గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. "తిరుగుతున్నది" అంది అత్త. ల్యాప్‌టాప్‌లో ఫోల్డరు తెరిచాను. ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి, నాటకాలన్నీ వరసగా వచ్చి కూర్చున్నాయి. నేను గట్టిగా కేక పెట్టాను. ఏమైందోనని ఎదురింటామె కింద నుంచి "ఏనాయ్తు?" అని అడిగింది. "యూనిట్ ఎక్కింది" అని అత్త కిటికీలోంచి చెప్పింది.

వాటిని ల్యాప్‌టాప్‌లోకి, రెండు పెన్ డ్రైవుల్లోకి, చివరికి నా ఫోనులోకి కూడా ఎక్కించాక గాని నేను నీళ్లు తాగలేదు. అప్పుడు అత్త మామ వైపు తిరిగింది.

"ఇగ చెప్పు."

మామ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "సర్వరు నడిచింది. నాటకాలు పోయినై. పోగొట్టింది నేనె. ఆడవేషం నలుగుర్ల చూపిస్తవని సిగ్గయి ముట్టుకున్న. చార్జి తీసుకో."

"తీసుకున్న" అంది అత్త. "ఆ చీర నాదె గద. రోజు చీర కట్టేదానికి నాకు లేని సిగ్గు, ఒక్కనాడు కట్టినందుకు నీకెందుకు?" అంది.

తర్వాత నా వైపు తిరిగి, "చూసినవా, ఆరాం ఇస్తెనె ఆదుకున్నది" అంది. ఆదుకున్నది ఆరాం కాదనీ, దాంట్లో పాత నకలు చెరగకుండా ఉండటమనీ నేను చెప్పాను. ఇప్పటికీ డిస్కుకు విశ్రాంతి అక్కర్లేదనే నా మాట. ఆమె మాత్రం అప్పటికే నైలాను ముక్క ఉతకడానికి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం గోరేబాళ వదిన వచ్చింది, కొత్త బియ్యం సంచితో. టీవీ ముందు కింద కూర్చుంది. అత్త రిమోటు పట్టుకుని పక్కన కూర్చుంది. మామను కూడా ముందు వరసలోనే కూర్చోబెట్టింది.

తెర మీద అత్త పెళ్లిచీరలో, బూడిదగుమ్మడికాయంత కొప్పుతో మామ. సింహాసనం మీద రాణి. పక్కనుంచి ఈటె పట్టుకుని ద్వారపాలకుడు వచ్చాడు. వదిన చేయి నోటికి పోయింది. ఆయన చెప్పాల్సిన మాట ఒక్కటే, సరిహద్దు నుంచి వేగులవాడు వచ్చాడని. వచ్చి నిలబడ్డాడు. నోరు తెరిచాడు. మాట రాలేదు. జనంలో ఎవరో నవ్వారు. ఆయన చెమటలు కక్కుతూ ఈటెను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. అప్పుడు రాణి గంభీరంగా, "ఏమి, సరిహద్దు నుంచి వేగులవాడు వచ్చాడనే కదా నీవు చెప్పదలచినది?" అంది.

ద్వారపాలకుడి ముఖం వెలిగింది. మామూలు గొంతుతో, బజార్లో మాట్లాడినట్టు, "అవును, అదే" అన్నాడు. కాలనీ కాలనీ పడిపడి నవ్వింది.

హాల్లో అందరం నవ్వాం, వదిన కూడా. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. "ఇంట్లో కూడా అంతేనండీ. నేనేం చెప్పినా 'అవును, అదే' అనేవారు. ఇంకో మాట ఉండేది కాదు. మళ్లీ పెట్టండి వదినగారూ."

అత్త వెనక్కి జరిపి పెట్టింది. ఈసారి రాణి నోరు తెరవకముందే మామ, పొద్దునంతా ముఖం దాచుకున్న మనిషి, నేల మీద కూర్చునే రాణి మాటలు గట్టిగా చెప్పేశాడు. "అవును, అదే" అన్నాడు తెర మీద స్నేహితుడు. మామ కండువా ముఖం మీదికి లాక్కున్నాడు.

వదిన టీవీకి ఇంకాస్త దగ్గరికి జరిగింది. అత్త వైపు చూసి, ఏదో అడగాలనుకుని ఆగింది. అత్తకు అర్థమైంది. బొమ్మను వెనక్కి జరిపి, ద్వారపాలకుడు రాణికి జవాబివ్వబోయే చోట ఆపి, వేలు మీట మీద ఉంచి కూర్చుంది.

"ఏవండీ," అంది వదిన, "కోతలయ్యాయి. మీరు ఎప్పుడూ చెప్పినట్టే కాలువ వైపు చేను ముందు కోయించాను. వాన రాకముందే గింజ ఇంటికి చేరింది. అదే కదండీ మీరు చెప్పేది?"

అత్త మీట నొక్కింది.

"అవును, అదే" అన్నాడాయన.

అత్త బొమ్మను మళ్లీ అక్కడికే జరిపి ఆపింది. వదిన ఇంకేమైనా అడుగుతుందేమోనని చూస్తూ కూర్చుంది.